కార్ పార్కులో కొండ

మ్యాపు పరచడానికి భోజనాల బల్ల చాలలేదు. అరుణశ్రీ దాన్ని హాల్లో నేలమీదే పరిచి, మూలలు లేవకుండా పాలడబ్బాలు బరువుపెట్టింది. పదినెలల కీర్తిక ఆ డబ్బాల కోసమే పాకుతోంది. ఒక చేత్తో పిల్లని ఆపుతూ, రెండో చేత్తో దారం పట్టుకుని ఆవిడ ఇంగ్లండు రోడ్లు కొలుస్తోంది.

నిజానికి అది చక్రధర్ చెయ్యాల్సిన పని. కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వై-టూ-కే పని పుణ్యమా అని ఇక్కడి సింగపూరు ఆఫీసువాళ్లు అతన్ని మూణ్ణెల్లకి ఇంగ్లండు పంపుతున్నారు, కుటుంబంతో సహా. అక్కడి టీముకొక ఆనవాయితీ ఉందట. వేసవిలో ఒక శనివారం అందరూ సైకిళ్లేసుకుని పొద్దున్నే బయల్దేరతారు. పల్లెల మీదుగా చుట్టు తిరిగి సాయంత్రానికి మళ్లీ మొదటి చోటికే చేరతారు. ఏ దారిన వెళ్లాలో ఆ ఏడు కొత్తగా చేరినవాడు నిర్ణయించాలి. మ్యాపు కొరియర్లో పంపి, దారి మోడరేట్‌గా ఉండాలని మెయిలు రాశారు.

"ఆఫీసులో ఊపిరాడ్డం లేదు అరుణా. నువ్వే ఏదో ఒక చుట్టు గీసిపెట్టు" అన్నాడు చక్రధర్ బూట్లు తొడుక్కుంటూ.

"మోడరేట్ అంటే?"

"మరీ తేలిక్కాదు, మరీ కష్టం కాదు."

"ఎవరికి?"

చక్రధర్ నవ్వి లిఫ్టువైపు పరుగెత్తాడు.

ఎవరికి అన్నది తేలకుండా దారెలా గీస్తారో అరుణశ్రీకి అర్థం కాలేదు. సైకిలంటే ఆవిడకి తెలుసు. రేపల్లె దగ్గర పల్లెలో పుట్టింది. కాలవగట్టు వెంట హైస్కూలుకి సైకిలు మీదే వెళ్లేది. తమ్ముడు ఆరో తరగతికొచ్చాక ఆ సైకిలు వాడికిచ్చారు. బస్సు లేని ఊరు, ఆవిడ చదువు అక్కడితో సరి. అదొక్కటే కారణం కాదుగానీ, ఆవిడకి మాత్రం సైకిలు పోవడమే గుర్తుండిపోయింది.

మ్యాపు మొదట్లో చీమలు పాకినట్టుంది. రెండుమూడు రోజులకి కళ్లు అలవాటుపడ్డాయి. లారీలు తిరిగే పెద్దరోడ్లు ఎర్రగా ఉన్నాయి, వాటి జోలికి వెళ్లకూడదు. సన్నటి పసుపు రోడ్లు చేల మధ్యనుంచి పోతాయి. మార్కెట్ టౌన్ అంటే ఏమిటని ఆవిడ ఎవర్నీ అడగలేదు. సంత జరిగే ఊరు. సంత ఊరంటే నీళ్లుంటాయి, తిండి ఉంటుంది, బస్సు ఆగుతుంది. అలాంటివి రెండు ఎంచుకుంది. ఒకటి టీకి, ఒకటి మధ్యాహ్నం భోజనానికి. ఓపిక ఉన్న పొద్దుటిపూట ఏటి పక్కగా వెళ్లి, రెండో సంత ఊళ్లో తిని, అడవి పక్కగా వెనక్కి రావచ్చు. చుట్టు చక్కగా కుదిరింది.

"మరి ఈ మట్టిరంగు గీతలేంటండీ, పంటకాలవలా?" అని ఆ సాయంత్రం అడిగింది.

చక్రధర్ వంగి చూశాడు. "కాలవలు కాదు, కొండలు. గీతలు దగ్గరపడ్డకొద్దీ ఎక్కుడు ఎక్కువన్నమాట."

రెండో సంత ఊరికి ముందు గీతలు తలవెంట్రుకల్లా ముద్దకట్టి ఉన్నాయి. అరుణశ్రీ వేలు అక్కడే ఆగింది. పుట్టి బుద్ధెరిగి ఆవిడ సైకిలెక్కిన ఎత్తల్లా కాలవగట్టు. సింగపూరు చూస్తే చాపలా పరిచినట్టుంటుంది. ఈ కొండెలా ఎక్కుతానని దిగులుపడ్డాక గానీ, ఇన్నాళ్లూ మనసులో ఆ దారెంట తనే తొక్కుతున్నానని ఆవిడకి తెలియలేదు.

"నేనూ వస్తానండీ."

"ఎక్కడికి?"

"ఈ చుట్టుకి."

"పాపో?" అన్నాడు చక్రధర్. "లిటిల్ ఇండియాకెళ్లి గోంగూర తేవడానికే పిల్లని వదల్లేవు. మొన్న సగం దూరం పోయి, రైలు దిగి వెనక్కొచ్చావా లేదా? అక్కడ రోజంతా ఉంటావా? నేనొక్కణ్ణే తొక్కుతాననీ, మీరిద్దరూ ఇంట్లోనే ఉంటారనీ రాసేశాను కూడా."

అన్నీ నిజాలే. అందుకే ఆవిడకి మరింత మండింది.

పక్క ఫ్లాటు తారాదేవి ఆంటీ వాళ్లుండే ఈ చోవా చూ కాంగ్ పేట కట్టిన కొత్తల్లో వచ్చినావిడ. కొడుకు మిలిటరీ సర్వీసుకి పోయాక అతని గేర్ల సైకిలు కారిడార్లో దుమ్ముకొట్టుకుని ఉంది.

"తీస్కో మా, తుప్పు పట్టిపోతా ఉంది" అంది ఆంటీ. "పాపని నేను చూస్తాలే. కొండ యాడ దొరుకుద్ది నీకు?"

కొండ ఎదురుగానే ఉంది. వాళ్ల బ్లాకు ముందర అంతస్తుల కార్ పార్కు. కార్లు ఎక్కే ఏటవాలు దారి మెలికలు తిరుగుతూ పైకప్పుదాకా పోతుంది. మధ్యాహ్నంపూట ఖాళీగా పడుంటుంది. పైగా ప్రతి మలుపులోనూ ఆంటీ వంటగది కిటికీ కనిపిస్తుంది. పాప ఏడిస్తే కిటికీలోంచి బయటికి చాచి బట్టలారేసే వెదురుగెడ మీద ఎర్ర తువ్వాలు వెయ్యమని అరుణశ్రీ బతిమాలింది.

"ఏడిస్తే ఏందిమా, పిల్లలు ఏడవరా?" అందిగానీ, ఆంటీ ఒప్పుకుంది.

మొదటి రోజు రెండో అంతస్తుకే రొప్పు వచ్చింది. గేరు మార్చబోతే గొలుసు కీచుమంది. వెనక ఒక కారు హారను మోగించింది. "ఆంటీ, కెనాట్ లా! కార్ పార్క్, నాట్ సర్కస్!" అని డ్రైవరు కసిరాడు. ఇరవైమూడేళ్లకే ఆంటీనయ్యానా అనుకుంటూ కిటికీ వైపు చూసింది. గెడ మీద ఎరుపు! సైకిలు గోడకి పడేసి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లన్నీ ఎక్కి, దారిలో చెప్పులు జారిపోయినా చూసుకోకుండా ఆంటీ తలుపు బాదింది.

"తువ్వాలు కాదు మా, నా నైటీ!" అని ఆంటీ పడీపడీ నవ్వింది. కీర్తిక జంతికముక్క చప్పరిస్తూ తల్లివైపు ఒకసారి చూసి, మళ్లీ జంతికలో పడిపోయింది. ప్రాణం కుదుటపడ్డట్టే పడి, ఎందుకో మనసు చివుక్కుమంది. దీనికోసమా తను చచ్చేట్టు పరుగెత్తింది?

మర్నాడు మళ్లీ వెళ్లింది. ఆ మర్నాడూ వెళ్లింది. ఎత్తు రాకముందే గేరు తగ్గించాలని తెలిసింది. తొక్కేది కాళ్లతోనే అయినా అలసట భుజాలదని తెలిసింది. తెలియనిది ఒకటే, కిటికీ వంక చూడకుండా ఒక్క మలుపైనా దాటడం.

శనివారం చక్రధర్ ఇంట్లో ఉన్నాడు. "చూస్తాగా, వెళ్లు" అని పేపరు తీశాడు. తువ్వాలు సంగతి చెప్పి వెళ్లింది. పైకప్పుకి ఇంకొక్క మలుపుందనగా ఇటు చూస్తే, ఈసారి తమ సొంత కిటికీ గెడ మీద ఎర్ర తువ్వాలు! నైటీ కాదు, తువ్వాలే.

పెడలు ఆగిపోయింది. ఒళ్లంతా ఇంటివైపు లాగింది. జ్వరమా? మంచం మీంచి పడిందా? ఏదన్నా మింగిందా? కాలు కింద పెట్టబోయింది. అక్కడ ఇంగ్లండులో, గీతలు ముద్దకట్టిన ఆ చోట కిటికీ ఎక్కడిది? గెడ ఎక్కడిది? పిల్ల వాళ్ల నాన్న దగ్గరేగా ఉంది. ఆవిడ పళ్లు బిగించి చివరి ఎక్కుడు తొక్కేసింది. పైన గాలి వేస్తోంది. నిలబడి చూసే ఓపిక లేదు, ధైర్యమూ లేదు. సైకిలు తిప్పుకుని దిగిపోయింది.

తలుపు తీసిన చక్రధర్ భుజం మీద కీర్తిక నిద్రపోతోంది. చొక్కా నిండా పాలు కక్కి ఉంది.

"నేను తువ్వాలు వేస్తే కనపళ్లేదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"కనపడింది."

"మరి?"

"పైదాకా ఎక్కి వచ్చాను."

"పాప గుక్కపట్టింది అరుణా. నాకేం తోచలేదు."

"అయినా ఆపారుగా. ఎలా ఆపారు?"

"ఏమో. ఎత్తుకుని తిప్పాను. పాలు పట్టాను, కక్కింది. మళ్లీ తిప్పాను. అలాగే పడుకుంది."

అరుణశ్రీ చేతులు పిల్లకోసం వాటంతటవే లేచాయి. వాటిని వెనక్కి తీసుకుని మ్యాపు ముందు కూచుంది.

"ఈ రెండో ఊరికి పొద్దున్నే బస్సుంటుంది. సంత ఊరుకదా, ఉండి తీరుతుంది. మీరు పాపని తీసుకుని దాంట్లో వచ్చెయ్యండి. మేం కొండెక్కి భోజనాలవేళకి అక్కడికొస్తాం. తిన్నాక మీరు బస్సు, నేను సైకిలు."

"నేను బస్సులో, నువ్వు సైకిలు మీదానా? మా టీమువాళ్లు నవ్వరూ?"

"నవ్వితే నవ్వనివ్వండి. మీరు సైకిలెక్కి ఎన్నేళ్లయింది?"

అతను కిటికీ దాకా నడిచి వెనక్కొచ్చాడు. సిగ్గుకన్నా వేరేదేదో అతన్ని పీకుతోంది.

"బస్సులో గుక్కపడితే?" అన్నాడు చివరికి. "కొత్త ఊరు, కొత్త మనుషులు. అప్పుడు నేనేం చెయ్యాలి?"

ఏం చెయ్యాలో అరుణశ్రీ దగ్గర బోలెడుంది. గోరువెచ్చని నీళ్లు, జోలపాట, ఏ చెవి దగ్గర ఊదితే నవ్వుతుందో, ఏ కుచ్చుటోపీ పెడితే పీకేస్తుందో. అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఎప్పటి భయం అప్పటిలాగే ఉంది. అది ఇంగ్లండు దాకా వెంట వచ్చేలాగే ఉంది.

"ఎత్తుకుని తిప్పండి" అంది.

చక్రధర్ పిల్లని ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. తర్వాత పిల్ల లేవకుండా నెమ్మదిగా కంప్యూటరు ముందు కూచుని, ఒంటిచేత్తో అక్షరం అక్షరం వెతుక్కుంటూ, తొక్కేది తను కాదని ఇంగ్లండు మేనేజరుకి రాయడం మొదలుపెట్టాడు.