పెరటి కెమెరా

"నువ్వు ఖాళీగానే ఉన్నావుగా, ఇదేంటో కాస్త చూడు" అంటూ మా ఆయన ప్రేమ్‌చంద్ ఒక అట్టపెట్టె తెచ్చి, నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న పళ్లెం పక్కన పెట్టాడు. అప్పటికి నా ముందు చిక్కుడుకాయలున్నాయి, స్టవ్ మీద పప్పు ఉంది, వాషింగ్ మెషీన్ తన పని అయిపోయిందని కూస్తోంది, హాల్లోంచి అత్తయ్య వేడినీళ్ళు అడుగుతోంది. మా ఇంట్లో కొట్టుకి వెళ్ళని మనిషి ఏం చేస్తున్నా ఖాళీగా ఉన్నట్టే లెక్క. పెళ్ళయిన కొత్తలో వాదించేదాన్ని. ఇప్పుడు చేతులు తుడుచుకుని పెట్టె విప్పుతాను.

అందులో రెండు వైఫై కెమెరాలున్నాయి. కిందటేడు మా వీధి చివర వాళ్ళ షెడ్డులోంచి ఎండుమిరప బస్తాలు ఎవరో ఎత్తుకుపోయారు. ఈ ఏడు రేటు ఇంకా పెరుగుతుందన్న ఆశతో మా ఆయన కాయల్ని గుంటూరు యార్డుకి పంపకుండా పెరట్లో రేకుల షెడ్డులో వేయించాడు. తనేమో పొద్దున్నే సెంటర్లో పురుగుమందుల కొట్టు తెరవాలి. అక్కడ కూర్చునే సరుకుని చూసుకోవాలంటే వీధి గుమ్మానికొకటి, పెరటికొకటి కెమెరా ఉండాలన్నాడు. నాకూ సబబుగానే తోచింది. ఏడాది కష్టం ఆ షెడ్డులో ఉంది, అందులో నా కష్టమూ ఉంది.

ముందు తనే కుస్తీ పట్టాడు. కెమెరాకి వైఫై ఎక్కకపోతే కెమెరాని తిట్టాడు, అమ్మినవాణ్ణి తిట్టాడు, నెట్ కనెక్షన్ ఇచ్చినవాణ్ణి తిట్టాడు, తిట్టడానికి ఇంకెవరూ మిగలక నా వైపు తోశాడు. పెళ్ళికి ముందు నేను నల్లపాడు స్టేషన్ దగ్గర ఒక నెట్ సెంటర్లో పనిచేశాను. ఆ సంగతి ఈ ఇంట్లో ఏదైనా చెడిపోయినప్పుడే గుర్తొస్తుంది. మా రౌటర్లో రెండు రకాల సిగ్నల్ ఉంది, కెమెరా వాటిలో పాతదాన్నే పట్టుకుంటుంది, ఫోను కొత్తదాంట్లో ఉంది. మార్చాను, కలిసింది. అంతకంటే పెద్ద విద్యేమీ కాదు.

కట్టుదిట్టం చేసింది కూడా నేనే. మా వైఫై పాస్‌వర్డ్ అప్పటిదాకా మా ఆయన ఫోన్ నంబరు. వీధిలో సగం మంది మా నెట్‌తోనే సినిమాలు చూసేవాళ్ళు. అది మార్చాను. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్ ఎవరైనా ఊహించేది, అదీ మార్చాను. కొత్త ఫోన్లోంచి ఎవరు లోపలికి వచ్చినా, సెట్టింగుల్లో ఏది కదిపినా ఓటీపీ అడిగేలా పెట్టాను. "ఓటీపీ ఎవరి నంబరుకి రావాలండీ?" అని అడిగితే, "నీదే పెట్టు, కొట్లో జనంతో చస్తుంటే మధ్యలో ఈ గోలొకటా నాకు" అన్నాడు. అలా ఆ కెమెరాల ఖాతా నా పేరు మీద పుట్టింది, చూడ్డానికి మాత్రం తన ఫోనుకి దారి ఇచ్చాను. నిచ్చెనెక్కి మరలు బిగించింది నేను. కింద నిలబడి "ఇంకాస్త పైకి పెట్టు, దొడ్డంతా పడాలి" అన్నది తను. సాయంత్రం వచ్చినవాళ్ళతో "నేనే పెట్టేశాను, గంట పట్టింది" అని చెప్పుకున్నాడు. నేను టీలు అందించాను. గంట పట్టిన మాట నిజమే.

ఆ మర్నాటి నుంచి నాకు ఫోన్లు మొదలయ్యాయి. "గ్యాస్ బండ తెచ్చినతనితో అంతసేపు ఏం మాటలు?" "చాకిరేవు బండ మీద అలా కూర్చుండిపోయావేంటి, ఒంట్లో బాలేదా?" ఒంట్లో బాగానే ఉంది. అంట్లు తోమాక, అత్తయ్యకి మందులేశాక, పెరట్లో కుళాయి పక్కనున్న ఆ బండ మీద కాసేపు ఊరికే కూర్చోవడం నాకు అలవాటు. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు. పదకొండేళ్ళ కాపురంలో నేను నాకోసం ఉంచుకున్నది అదొక్కటే, దాన్ని ఉంచుకున్నానని కూడా నాకు తెలియదు, మా ఆయన ఫోన్ చేసి అడిగేదాకా. ఆ తర్వాత కూర్చుంటే వీపు మీద ఏదో పాకినట్టుండేది. మరో రెండు రోజులకి కూర్చోవడం మానేశాను.

నా సంగతి అక్కడితో పోతే ఇలాగే సర్దుకుపోయేదాన్నేమో, సర్దుకోవడం నాకు బాగా వచ్చిన పని. ఈలోగా కాయల గ్రేడింగ్ మొదలైంది. మంచి కాయలోంచి తెల్లబారిన తాలుకాయ ఏరి పక్కన పోయడానికి ఊళ్ళోంచి ఆరుగురు ఆడవాళ్ళు వస్తారు. వాళ్ళకి పెద్ద వెంకటేశ్వరమ్మ, వరసకి నేను పిన్నీ అంటాను. ఈసారి ఖుర్షిదా కొత్తగా వచ్చింది, చంటిపిల్లని ఎత్తుకుని. మిరపకాయల్లో కూర్చున్న ఒళ్ళు ఎలా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుసు. చేతులు మాత్రమే కాదు, మెడ, రొమ్ములు, తొడలు, ఎక్కడ చెమట పడితే అక్కడల్లా మంట. పిల్లకి పాలివ్వాలంటే ఖుర్షిదా ముందు ఒళ్ళంతా కడుక్కోవాలి. అందుకని కుళాయి చుట్టూ జామచెట్టుకీ షెడ్డు స్తంభానికీ నా పాతచీర ఒకటి తెరగా కట్టాను. అన్నం వేళకి ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్ళి నీళ్ళు పోసుకుని, కొబ్బరినూనె రాసుకుని వచ్చేవాళ్ళు. చీర కట్టినప్పుడు నేను చుట్టూ చూశాను గాని, పైకి చూడలేదు.

ఆ రోజు మా ఆయన అన్నానికి రాలేదు. కారియర్ తీసుకుని స్కూటీ మీద కొట్టుకి వెళ్ళాను. కౌంటర్ మీద, పురుగుమందు డబ్బాకి ఆనించి ఫోను నిలబెట్టి ఉంది. కుర్చీల్లో ఇద్దరు రైతులూ, మా ఆయనకి బాబాయి వరసయ్యే వెంకయ్యగారూ టీ తాగుతున్నారు. ఫోన్లో మా పెరడు. కెమెరా ఎత్తులోంచి నా పాతచీర తెర పైఅంచు కింద ఎక్కడో కనబడుతోంది, దాని లోపల ఖుర్షిదా వీపు, తలమీంచి నీళ్ళు. ఎవరూ గుడ్లప్పగించి చూడటం లేదు. పత్తి రేటు మాట్లాడుకుంటున్నారు, మధ్యమధ్యలో కళ్ళు అటు పోతున్నాయి, ఎవరింట్లోనో టీవీ నడుస్తుంటే పోయినట్టు.

"రామ్మా, అన్నం తెచ్చావా" అన్నాడు వెంకయ్యగారు ఆప్యాయంగా. ఆయన నా పెళ్ళికి అక్షింతలు వేసిన మనిషి. "అవునమ్మా, ఆ చంటిపిల్ల తల్లి ఎవరి కోడలు? కొత్తగా వస్తున్నట్టుందే మీ దొడ్లోకి."

ఆయన ఈ ఏడు మా గడప తొక్కలేదు.

నేను కారియర్ పెట్టి, ఫోను తీసి బోర్లా పెట్టాను. మా ఆయన మళ్ళీ దాన్ని ఎత్తి డబ్బాకి ఆనించాడు. "బస్తాలు కనపడొద్దూ!" అన్నాడు. నేను దగ్గరికి జరిగి నెమ్మదిగా, "వాళ్ళు స్నానాలు చేస్తున్నారండీ" అన్నాను. "ఆ, మిరపకాయలేరేవాళ్ళని ఎవడు చూస్తాడే, నీదంతా చోద్యం" అన్నాడు, చారు గిన్నె మూత తీస్తూ. చారులో ఉప్పు తగ్గిందని కూడా అన్నాడు.

దారంతా నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఆ మరలు బిగించిన చేతులు నావే కదా అని ఎక్కువ మండింది. ఇంటికి రాగానే పెరటి కెమెరా ప్లగ్గు పీకేశాను. కాని ప్లగ్గు పీకితే సాయంత్రం మళ్ళీ పెట్టేస్తారు, నేను మతిమరుపుదాన్ననీ అంటారు. అది నాకు చాలదనిపించింది.

ముందు వాళ్ళకి చెప్పాలి. చెప్పకుండా సరిచేసేస్తే పోయేదని ఒక మనసు అంది, ఆ మనసు మాట వినలేదు. తాలుకాయల రాశి పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను, కొట్లో ఏం చూశానో, వెంకయ్యగారు ఏమడిగారో. వెంకటేశ్వరమ్మ పిన్నే ముందు నోరు తెరిచింది. "ఓరి వీళ్ళ దుంపతెగ! మా ఆయనే నన్ను చూసి ఇరవయ్యేళ్ళయింది, వెంకయ్య చూశాడంటావా?" అంది. అందరూ నవ్వారు. ఖుర్షిదా నవ్వలేదు. పిల్లని ఒళ్ళోకి లాక్కుని, కొంగు దాని మీదా తన మీదా కప్పుకుని, "రేపట్నుంచి నేను రానక్కా" అంది.

"నువ్వెందుకు రావు? రానివ్వకూడనిది అది" అన్నాను, కెమెరా వైపు చూపించి.

ఆ యాప్‌లో ఒక వసతుంది. పెట్టిన రోజే చూశాను, మనకెందుకులే అని వదిలేశాను. ఫోను తెర మీద వేలితో ఒక గడి గీస్తే, ఆ గడి ఉన్నంత మేరా కెమెరా చూడదు, దాచుకోదు, అక్కడ నల్లగా ఉంటుంది. మళ్ళీ ప్లగ్గు పెట్టి ఫోను తీశాను. ఎంత మేర గీయాలో నాకొక్కదానికే తెలియదు. "పిన్నీ, నువ్వు కుళాయి దగ్గర నిలబడు. ఒకళ్ళు జామచెట్టు కింద. ఒకళ్ళు మీరు అన్నాలు తినే చోట" అన్నాను. లేచారు. గడి గీశాను.

"నేను పోయానా?" అని అరిచింది పిన్ని.

"పోయావు. చెయ్యి మాత్రం కనపడుతోంది."

"చెయ్యి కూడా పోగొట్టు."

జరిపాను. జామచెట్టు కిందామె "నేనో?" అంది. ఆమె నడుం నుంచి పైకి పోయింది, కాళ్ళు మిగిలాయి. ఆ కాళ్ళు చూసి అందరూ ఫోను చుట్టూ మూగి పడీపడీ నవ్వారు. మళ్ళీ వెళ్ళి నిలబడ్డారు. ఒక్కొక్కరే నా ఫోన్లోంచి మాయమవుతుంటే, పెరట్లో మాత్రం అందరూ నా ఎదురుగానే ఉన్నారు, ఎండలో, గలగలా మాట్లాడుతూ. ఆఖరికి ఖుర్షిదా పిల్లని ఎత్తుకుని వచ్చి చాకిరేవు బండ మీద కూర్చుంది. "ఇక్కడ కూర్చుని పాలిస్తానక్కా. ఇది కూడా" అంది. బండ కూడా గడిలోకి లాగాను. షెడ్డు తలుపూ, బస్తాలూ, వెనక గేటూ మాత్రం వెలుతురులో మిగిలాయి. ఆ తర్వాత కెమెరా మెమరీ కార్డులో దాచి ఉన్న రికార్డింగులన్నీ చెరిపేశాను. వాళ్ళు వెళ్ళాక నేను ఆ బండ మీద చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ ఫోన్ చేయలేదు.

మా ఆయన చీకటిపడ్డాక వచ్చాడు. నేను మర్నాటికి చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. చెప్పులు విప్పకుండానే ఫోను నా ముందు పెట్టాడు.

"దొడ్డివైపు కెమెరా చెడిపోయినట్టుంది. సగం నల్లగా వస్తోంది."

"చెడిపోలేదండీ. నేనే పెట్టాను."

"నువ్వా? ఎందుకు?"

"బస్తాలు కనపడుతున్నాయా?"

"ఆ."

"షెడ్డు తలుపు?"

"కనపడుతోంది."

"గేటు?"

"అదీ కనపడుతోందే..."

"మరి ఇంకేం చూడాలి మీకు?"

నేను గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను. హాల్లో అత్తయ్య టీవీ సౌండు తగ్గించింది. మా ఆయన నిలబడే సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ నల్లగడి మీద వేలు నొక్కాడు. పళ్లెం పక్కన నా ఫోను టింగుమంది.

"ఓటీపీ వచ్చిందా?" అన్నాడు చెయ్యి చాపి.

"వచ్చింది. చెప్పను" అన్నాను. ఫోను బోర్లా పెట్టి, ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నాను.