దారి మీద పెట్టిన సంచి

నేను ఒక ఖాకీ సంచిని. నిజానికి ప్యాంటుగా పుట్టాల్సిన దాన్ని. ఓడరేవులో కాపలా పని చేసే ఒకాయన గుడ్డ ఇచ్చి, కొలతలు ఇచ్చి, మళ్లీ దుకాణం వైపు తొంగి చూడలేదు. మూడేళ్లు బీరువాలో మడతపడి ఉన్నాను. చివరికి టైలరు వరహాలుకు ఓపిక నశించి, కత్తెర తీసి నన్ను సంచిగా కుట్టేసింది. భుజానికి వేసుకునే పట్టీ మాత్రం ఒక పాత కారు సీటు బెల్టు. అది ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు. పెద్దింటి నుంచి వచ్చానని దాని బాధ.

వరహాలు దుకాణం విశాఖపట్నంలో సిటీ బస్సు ఆగే చిట్టచివరి స్టాపు దగ్గర. ఆ స్టాపు వెనకనే ఏడుమడతల కొండ. బస్సు హారన్ వినిపించే చోట గేటు ఉంటుంది. గేటు దాటి పావుగంట నడిస్తే హారన్ కాదు కదా, కాకి అరుపు కూడా వినపడదు. దాన్ని చుట్టుదారి అంటారు. కొండ చుట్టూ పద్నాలుగు కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఆ గేటు దగ్గరికే చేరుస్తుంది. ఒక్కో మడతలో దారి లోయలోకి దిగుతుంది, రాళ్ల వాగు దాటుతుంది, మళ్లీ కొండ అంచుకు ఎక్కుతుంది. అంచు మీద నిలబడితే సముద్రం, ఓడలు, ఇళ్లు అన్నీ కనిపిస్తాయి. లోయలో ఉన్నంతసేపూ పక్కనే ఇరవై లక్షల మంది ఉన్నారంటే మీరు నమ్మరు. పైగా ఏడు మడతలూ అచ్చం ఒకేలా ఉంటాయి.

ఇంటి దగ్గర లిఫ్టు లేదని సణిగే మనుషులు ఆదివారం వచ్చేసరికి పనిగట్టుకుని ఈ కొండ ఎందుకు ఎక్కుతారో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. వాళ్లను నడిపించే పెద్ద కూర్మారావు. రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం ఆయనే ముందు నడుస్తాడు. ఆయన పెట్టిన నియమాలు మూడు. జట్టులో పదకొండు మందే ఉండాలి, పన్నెండో మనిషి వస్తే వచ్చే వారం రమ్మంటాడు. రెండోది, ప్రతి ఒక్కరికీ ఒక అంకె. బయల్దేరే ముందు ఒకసారి, చివరి మలుపులో ఒకసారి ఎవరి అంకె వాళ్లు గట్టిగా పలకాలి.

మూడో నియమం మాత్రం నాకు సంబంధించింది. ఎవరైనా పొదల చాటుకు వెళ్లాల్సి వస్తే సంచిని దారి మధ్యలో పెట్టి వెళ్లాలి. వెనక వచ్చేవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. అందరికన్నా వెనక నడిచే వరహాలు ఆ సంచి దగ్గర ఆగి, మనిషి తిరిగొచ్చాకే కదలాలి. ఆడవాళ్లకు ఆ మాట నోటితో చెప్పడం మొహమాటం. వాళ్ల బదులు ఆ మాట నేను చెబుతాను. 'మనిషి ఇక్కడే ఉంది, ఆగండి.' నాకు వచ్చిన మాట అదొక్కటే. దాన్ని అరవైసార్లు చెప్పి ఉంటాను, ఒక్కసారీ తప్పు చెప్పలేదు. అదే నా గర్వం.

నన్ను మోసేది వరహాలు చెల్లెలు నూకరత్నం; అక్కను అప్పా అని పిలుస్తుంది. హాస్టల్లో వంట చేస్తుంది. వారమంతా మూడు వందల మందికి అన్నం వండి, ఆదివారం ఎవరితోనూ మాట్లాడకుండా నడుస్తుంది. ఆవిడ అంకె తొమ్మిది.

దసరాకు ముందు వచ్చిన ఆదివారం జట్టులోకి ఒక కొత్త మనిషి వచ్చాడు. పూర్ణచంద్రరావు, గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు. కొత్త బూట్లు, వీపంతా కప్పేసే పెద్ద బ్యాగు. గేటు దగ్గర కూర్మారావు నియమాలు చెబుతుంటే ఈయన తన బూట్లకు ఫొటో తీసుకుంటున్నాడు. అంకె పది ఇచ్చారు. అంటే నూకరత్నం వెనక ఆయన, ఆయన వెనక వరహాలు.

మూడో మడతలో, పది గంటల వేళ, కొండ మీద నుంచి మంచు దిగడం మొదలైంది. నూకరత్నం నన్ను దారి మధ్యలో ఒక పలక రాయి మీద పెట్టి కిందికి దిగింది. ఫోను, నీళ్లు, ఈల, చపాతీలు అన్నీ నాలోనే ఉన్నాయి. రెండు నిమిషాల్లో పూర్ణచంద్రరావు వచ్చాడు. నన్ను చూశాడు. అటూ ఇటూ చూశాడు.

"అయ్యో, మరిచిపోయి వెళ్లిపోయినట్టున్నారే" అని జాలిపడి, నన్ను తీసి తన బ్యాగుకు తగిలించుకున్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నన్ను వదిలేసి పోయేవాడు, అంతా సవ్యంగా జరిగేది. వెనక వచ్చిన వరహాలు దారి ఖాళీగా ఉండటం చూసి ముందుకు నడిచింది. సంచి లేదంటే చెల్లెలు ముందుందనే కదా అర్థం. నేను అప్పటికే ఆయన వీపు మీద వేలాడుతూ, మంచులో ఆమె కంటికి కనపడనంత దూరమైపోయాను. ఆ భయం ఎలాంటిదో మీకెలా చెప్పను! కేకలు పెట్టాల్సిన చోట నేను ఊగుతూ ఉన్నాను, అంతే.

పన్నెండింటికి వాన దంచికొట్టింది. పూర్ణచంద్రరావు రెయిన్ కోటు తీసి తన మీదా, బ్యాగు మీదా, నా మీదా కప్పుకున్నాడు. ఒకటిన్నరకు వాన వెలిసింది. చివరి మలుపులో మంచు ఇంకా దట్టంగానే ఉంది, ముందున్న మనిషి వీపు తప్ప ఏమీ కనపడటం లేదు. కూర్మారావు ముందు నుంచి కేకేశాడు.

"లెక్క చెప్పండి! ఒకటి!"

రెండు, మూడు, అలా వరుసగా ఎనిమిది దాకా వచ్చింది. నాలోపల గుడ్డంతా బిగుసుకుంది. ఇప్పుడు తెలుస్తుంది, ఇప్పుడు ఆగుతారు అనుకున్నాను.

"తొమ్మిది."

నూకరత్నం గొంతే. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. పూర్ణచంద్రరావుకు ముందు, తొమ్మిదో మనిషి ఉండాల్సిన చోట ఎవరూ లేరు, మంచే ఉంది. ఆయన నిశ్చింతగా "పది" అన్నాడు. వరహాలు "పదకొండు" అంది. అందరూ కిందికి దిగిపోయారు.

బస్సు స్టాపు దగ్గర టీ కొట్టులో పదకొండు టీలు చెప్పారు. పది గ్లాసులు లేచాయి. ఒకటి పళ్లెంలో మిగిలింది. వరహాలు ఆ గ్లాసు వైపు చూసింది, చుట్టూ చూసింది, తన గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"మా సెల్లి ఏదీ?"

కూర్మారావు ఇద్దరిని అటవీశాఖ చెక్‌పోస్టుకు పరుగెత్తించి, మిగిలినవాళ్లతో చివరి మలుపు వైపు నుంచే వెనక్కి బయల్దేరాడు. బల్ల కింద, పూర్ణచంద్రరావు కాళ్ల దగ్గర నేను ఉన్నాను. ఆయన నన్ను చూసిన చూపు నేను మరచిపోలేను. అప్పటికి ఎవరో ఆయనకు సంచి నియమం చెప్పారు. 'ఇదిగో, నేనే తెచ్చాను' అని ఒక్క ముక్క అంటే చాలు. ఆయన నన్ను కోటు కింద దాచి, "నేను ముందెళ్లి చూస్తానండీ" అని పరుగు పెట్టాడు.

ఏడో మడత దాటాడు, ఆరో మడత దాటాడు. ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి తప్పు సరిదిద్దుకోవాలనే ఆయన ఉద్దేశం. కానీ ఊపిరాడటం లేదు, వెనక నుంచి మాటలు దగ్గరవుతున్నాయి, మడతలన్నీ ఒకేలా ఉన్నాయి. ఐదో మడతలో ఒక పలక రాయి కనిపించగానే నన్ను దాని మీద పెట్టేసి, "దొరికింది! సంచి ఇక్కడుంది!" అని అరిచాడు.

జీవితంలో మొదటిసారి నేను అబద్ధం చెప్పాను. 'మనిషి ఇక్కడే ఉంది' అని ఖాళీ లోయను చూపిస్తూ కూర్చున్నాను. అందరూ నన్ను నమ్మారు. నమ్మకపోతే బాగుండునని నేను ఎంత కోరుకున్నానో ఎవరికి తెలుసు.

"నూకరత్నం!" అని కూర్మారావు లోయలోకి పిలిచాడు.

కింద, వాగుకు ఇంకా దిగువ నుంచి, ఒక గొంతు తాపీగా పలికింది.

"తొమ్మిది."

ఇద్దరు మగవాళ్లు వెంటనే దిగారు. నాచు పట్టిన రాళ్లు, ఒకాయన కాలు జారి కొమ్మ పట్టుకుని వేలాడాడు. మళ్లీ పిలిచారు. మళ్లీ "తొమ్మిది" అంది, ఇంకాస్త కింద నుంచి. వాళ్లు ఇంకాస్త దిగారు.

వరహాలు దిగలేదు. నన్ను చేతిలోకి తీసుకుంది. వెనక్కి తిప్పి చూసింది, నా మూత మీద వేలితో రాసి ఆ వేలు చూసుకుంది. పొద్దుటి ఎర్ర దుమ్ము అంటింది.

"ఇది పొడిగుందేటి?" అంది. "అంత వాన కొట్టింది గదా. మా సెల్లి పొద్దుటే ఇక్కడ పెట్టుంటే దుమ్ము ఎలగుంటాది? ఎవులు తెచ్చారు దీన్ని?"

వరహాలు ఒక్కొక్కరి ముఖం చూస్తూ వచ్చి పూర్ణచంద్రరావు దగ్గర ఆగింది. ఆయన ఏడుపు అందుకున్నాడు.

"నేనేనండీ. మరిచిపోయారనుకున్నాను. సాయం చేద్దామనే తీశానండీ. తర్వాత చెప్పడానికి భయమేసింది."

"ఏడుపు తరవాత. ఎక్కడ తీసావు?"

"గుర్తు లేదండీ. అంతకు కొంచెం ముందు ఒక ఫొటో తీశాను."

ఫొటోలో రెండు బండల సందు నుంచి దూరంగా ఒక ఎర్ర క్రేను కనిపిస్తోంది. కూర్మారావు ఒక్క క్షణం చూశాడు. పద్దెనిమిదేళ్లు తను కూర్చున్న క్రేను అది, మూడో మడత అంచు నుంచి తప్ప కనపడదు. "మూడో మడత" అన్నాడు. లోయ వైపు తిరిగి గొంతు చించుకున్నాడు. "ఒరే, పైకొచ్చేయండి! పలికినా దిగకండి! అది మన మనిసి కాదు!"

మూడో మడతకు చేరేసరికి ఐదు కావస్తోంది. దారికి నాలుగు వందల అడుగుల పక్కన, ఒక బండ చివర, మోకాళ్లు కావలించుకుని నూకరత్నం కూర్చుని ఉంది. ఆ బండకు అవతల ఏమీ లేదు, తాటిచెట్టు లోతున లోయ తప్ప. వరహాలు వెళ్లి చెల్లెల్ని వెనక్కి లాగి, రెండు చెంపలూ వాయించి, ఆ తర్వాత పట్టుకుని ఏడ్చింది.

"ఎందుకిలా వచ్చేసావే, దారొదిలేసి?"

"దారి మీదికే వచ్చానప్పా. సంచి నేదు. సంచి నేదంటే ఇది నాను దిగిన సోటు కాదనుకున్నాను. సంచి కోసం ఎతుక్కుంటా ఎల్లిపోనాను." నూకరత్నం అందరి వైపూ చూసింది. "మీరు లెక్క పిలుస్తానే ఉన్నారు గదా. నాను పలుకుతానే ఉన్నాను."

"మేం ఒక్కసారే పిలిచాం" అన్నాడు కూర్మారావు.

"నేదు బాబూ, శానాసార్లు. పదకొండు అయిపోయాక, నా పక్కనే, ఎవరో ఆడమనిసి పన్నెండు అంటాది. పెతిసారీ అంది. మంచులో నాను అడుగేయబోతే, కూకో, ముందు లోయుంది అంది. నీ కోసం వస్తారులే, నీకు సంచుంది గదా అంది."

కూర్మారావు రాయి మీద కూర్చున్నాడు. పూర్ణచంద్రరావును తిట్టడానికి దారి పొడుగునా దాచుకున్న మాటలు ఆయన నోట్లోంచి రాలేదు. వాటి బదులు వేరే మాట వచ్చింది.

"మొదటేడు గేటు కాడ ఒకావిడ కలిసింది. నానూ వస్తానండీ అంది. పేరడగనేదు. పన్నెండు నీది అన్నాను. ఆఖర్న లెక్కేస్తే పన్నెండు పలకనేదు. బస్సెక్కి ఎల్లిపోయుంటాదిలే అనుకుని టీ తాగి ఇంటికెల్లిపోయాం. ఆవిడ కోసం ఎవులూ రానేదు. ఎవులూ రానేదని నానూ ఎవులికీ సెప్పనేదు. ఆ మరసటి వారం ఈ సంచి నియమం పెట్టాను."

పూర్ణచంద్రరావు ఏడుపు ఆగిపోయింది.

దారి మీదికి తిరిగి వచ్చాక వరహాలు నన్ను చెల్లెలి భుజానికి తగిలించబోయింది. నూకరత్నం పట్టీ తీసేసింది. నామీద కోపమేమో అనుకున్నాను, ఉన్నా న్యాయమే. కానీ ఆవిడ నన్ను రెండు చేతులా పట్టుకుని దారి మధ్యలోని పలక రాయి మీద మళ్లీ పెట్టింది. ఫోను ఒక్కటే తీసుకుంది.

"ఇది ఇక్కడే ఉంచేద్దాం అప్పా. ఆవిడికి సంచి నేదు. అందుకే ఎవులూ ఆగనేదు."

ఇది జరిగి రెండు వానాకాలాలు అయింది. నేను అక్కడే ఉన్నాను. నా రంగు ఎండుటాకుల్లో కలిసిపోయింది. దారిన పోయే కొత్తవాళ్లు నన్ను చూసి, పొదల చాటున ఎవరో ఉన్నారనుకుని మర్యాదగా దగ్గుతారు, కాసేపు అటు తిరిగి నిలబడతారు, ఎవరూ రాకపోయేసరికి ఎందుకో అడుగులు వేగంగా వేస్తూ వెళ్లిపోతారు. ఎవరూ నన్ను ముట్టుకోరు. కూర్మారావు జట్టు ఇప్పుడు ప్రతి మడత చివరా లెక్క చెప్పుకుంటోంది. నూకరత్నం మానలేదు. పూర్ణచంద్రరావూ మానలేదు, పదో అంకె ఆయనదే. పదకొండు అయ్యాక కూర్మారావు ఒక నిమిషం ఆగుతాడు. ఆ తర్వాతే నడక.

ఈరోజు ఆదివారం. వాళ్లు ఇప్పుడే నన్ను దాటి మడత చివరికి వెళ్లారు. మంచు దిగింది. కింద పొదలు కదిలాయి. గాలి అనుకున్నాను, కానీ పైన చెట్ల ఆకులు కదలడం లేదు. రాళ్ల మీద తడి అడుగుల చప్పుడు పైకి వచ్చింది. ఒక చెయ్యి నా మీది దుమ్ము దులిపింది. పట్టీ ఒక భుజం మీదికి ఎక్కింది. ఆ భుజం చాలా చల్లగా ఉంది. నాకు భయం వేయాల్సింది, కానీ నిజం చెబుతున్నాను, నాకు సంతోషమే వేసింది. ఇరవై ఏళ్లు ఆలస్యమైనా మనిషి తిరిగొచ్చింది.

ఆవిడ నడుస్తోంది. ముందు మలుపులో లెక్క మొదలైంది. ఏడు, ఎనిమిది. నూకరత్నం తొమ్మిది అంది. నన్ను మోస్తున్న ఆవిడ అడుగు పెంచింది. పది. పదకొండు. కూర్మారావు ఆగాడు.

ఆవిడ గొంతు సవరించుకుంది.