మూయకూడని పేజీ

ఆ తోడికోడళ్లిద్దరిదీ ఒకటే కుర్చీ. పొద్దున ఏడు నుంచి రెండు దాకా చిన్నకోడలు, రెండు నుంచి తొమ్మిది దాకా పెద్దకోడలు. రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు కొట్టే ఉద్యోగం. యంత్రం కక్కిన చీటీలో అంకెలు చూసి, కంప్యూటరు పేజీలోని గడుల్లో నింపి పంపాలి. చూడబోతే చీమంత పని. తప్పు దొర్లిందా, ఏనుగై మీద పడుతుంది.

చిన్నకోడలి మీద ఒకసారి పడింది. ఒక ముసలాయన పొటాషియం నాలుగు పాయింట్ ఒకటి. చుక్క వేలికి తగల్లేదు. నలభై ఒకటి అని వెళ్లింది. ఇంటిల్లిపాదీ ఆయన్ని బండిలో వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తారు. అక్కడి డాక్టరు రిపోర్టు చూసి, "నలభై ఒకటే ఉంటే ఈయన నాతో ఇంతసేపు పోట్లాడేవాడా?" అని నవ్వి పంపేశాడట. ల్యాబు నడిపే డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. గొంతు కూడా పెంచలేదు. "ఇంకొక్క చుక్క పోతే నీ కుర్చీ పోతుంది" అంది, అంతే.

ఆ మాట మింగుడుపడక చిన్నకోడలు ఒక ఉపాయం ఆలోచించింది. బ్రౌజరుకి ఎక్స్‌టెన్షన్ అని ఒక చిన్న తోక తగిలించుకోవచ్చట. పేజీలో ఏ అంకె పడుతోందో అది కనిపెట్టి, హద్దు దాటితే గడికి రంగు పూస్తుంది. అలాంటిది తనే తయారుచేస్తానని డాక్టరమ్మని అడిగింది.

డాక్టరమ్మ కళ్లద్దాల పైనుంచి చూసింది. "వచ్చే శనివారం దాకా చూస్తాను. ఈలోపు అది కూతలు కూసిందా, అదీ ఉండదు, నువ్వూ ఉండవు."

ఇంటికొచ్చి, అత్తగారు కునుకు తీసే మధ్యాహ్నం పూట, చిన్నకోడలు సూచనల పేజీలు ముందేసుకుంది. కొత్తకోడలు ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగితే "ఉండాల్సిన చోటే ఉంటుంది" అనే అత్తగార్లు ఉంటారు చూడండి, ఆ పేజీలు రాసినవాళ్లు ఆ వంశం వాళ్లే. "పైన చెప్పినట్టు చేయండి" అని ఉంటుంది. పైకి వెళ్లి చూస్తే ఏమీ చెప్పి ఉండదు. బొమ్మలో ఉన్న బొత్తం తెర మీద కనపడదు. ఒక పేజీ పాత పద్ధతి చెబుతుంది, దాని పక్క పేజీ కొత్త పద్ధతి చెబుతుంది, ఏది ఎప్పటిదో తారీఖు ఉండదు. పాతది నమ్మి రాస్తే బ్రౌజరు, "ఈ రకాన్ని మేము మానేశాం" అని తలుపేసుకుంటుంది.

దాంతో ఆవిడకి అనుమానమే గురువైంది. ఏ వాక్యాన్నీ ఊరికే నమ్మేది కాదు. ఒక్క లైను మార్చడం, చూడడం, నోటుబుక్కులో రాసుకోవడం. ల్యాబు పేజీని పోలిన ఉత్తుత్తి పేజీ ఒకటి చేసుకుంది. అందులో అంకెలు కొట్టి, తన తోక కదులుతుందో లేదో చూసుకునేది. డిస్కులో దాచుకున్న పేజీని ఆ తోక చూడాలంటే బ్రౌజరు లోపలెక్కడో ఒక మీట నొక్కాలని తెలియడానికే రెండు మధ్యాహ్నాలు ఖర్చయ్యాయి.

సోమవారం పొద్దున ల్యాబులో కరెంటు పోయి వచ్చింది. ఆ సందులో చిన్నకోడలు తన తోకని అక్కడి కంప్యూటరుకి తగిలించింది. డాక్టరమ్మ వచ్చి వేలిముద్ర వేసింది, రిపోర్టు పేజీ తెరుచుకుంది. ఒకసారి తెరిస్తే ఆ పేజీని రోజుల తరబడి ఎవరూ మూయరు. మూస్తే లాగిన్ పోతుంది, మళ్లీ డాక్టరమ్మ వేలు కావాలి. సూదులు గుచ్చే పని వదిలి ఆవిడ రావాలి. అందుకే మానిటరుకి ఒక కాగితం అంటించి ఉంది: "ఈ పేజీ మూసినవారు నాకు సమాధానం చెప్పాలి."

మొదటి పొటాషియం నాలుగు పాయింట్ రెండు. భేషైన అంకె. గడి ఎర్రబడింది. ఆ తర్వాతదీ ఎర్రబడింది.

ఫైలు తెరిచి చూసుకుంటే సిగ్గుతో చచ్చినంత పనైంది. మూడున్నర నుంచి అయిదు పాయింట్ ఒకటి దాకా మంచిదని రాయబోయి, ముప్పై అయిదు నుంచి యాభై ఒకటి అని రాసింది. చుక్కల కోసం కాపలా పెట్టిన కుక్కకే చుక్కల్లేవు! ఇంటికెళ్లి సరిచేసింది. ఉత్తుత్తి పేజీలో బంగారంలా పనిచేసింది. మంగళవారం తెచ్చి, పాతదాని మీద కొత్తది పెట్టి, సూచనల్లో చెప్పినట్టే తోక పేరు పక్కనున్న "మళ్లీ లోడ్ చేయి" అన్న బాణం గుర్తు నొక్కింది.

నాలుగు పాయింట్ రెండు. ఎరుపు.

ఇంట్లో బుద్ధిమంతుడు, వీధిలో పోకిరీ అన్నట్టుంది దాని వరస. మళ్లీ తెచ్చింది, మళ్లీ నొక్కింది. ఎరుపే. అప్పుడు మొలిచింది అనుమానం. ఈ కుర్చీలో తను కాక కూర్చునేది ఇంకొక్కరే.

బుధవారం మధ్యాహ్నం ఇంట్లో సూచనల పేజీలు తెరిస్తే, తను నొక్కని లింకులు కూడా ఊదారంగులో ఉన్నాయి. ఎవరో అప్పటికే తెరిచి చదివారు. ఎంగిలి పడ్డ కంచాన్ని చూసినట్టు చూసింది వాటిని. పొద్దుటిపూట ఇంట్లో ఉండేది ఎవరు? అత్తగారికి ఫోనెత్తడమే పెద్ద విద్య. ఇంక మిగిలింది అక్కే.

గురువారం రెండింటికి కుర్చీ అప్పజెబుతుంటే పెద్దకోడలు సంచీ తగిలిస్తూ అంది, "నీ బొమ్మ పండుకాయని పచ్చికాయంటోందే అమ్మడూ. నిన్న సాయంత్రం ముప్పై మందికి ఎర్రబొట్లు పెట్టింది."

"రేపటికి సరిచేస్తానక్కా."

"ఏమో తల్లీ. ముప్పై అయిదు ఎక్కడ, మూడున్నర ఎక్కడ!"

చిన్నకోడలి చేతిలో నీళ్లసీసా ఆగిపోయింది. ముప్పై అయిదన్న మాట తను ఎవరి దగ్గరా అనలేదు. ఆ అంకె సోమవారంనాటి ఫైల్లోనే ఉండేది. అంటే ఫైలు తెరిచింది! తొమ్మిదేళ్లుగా ఒక్క చుక్కా పోని మనిషి. నిన్నగాక మొన్న వచ్చిన తోడికోడలు యంత్రాలు చేస్తోందంటే కడుపు మండదూ?

చిన్నకోడలి చిన్నతనంలో వాళ్ల నాయనమ్మ పాలకుండ మూత మీద ఒక వెంట్రుక పెట్టి వెళ్లేది. వెంట్రుక పడిపోయిందంటే కుండలో చెయ్యి పడ్డట్టే. చిన్నకోడలూ వెంట్రుక పెట్టింది. ఎరుపు తీసేసి, హద్దు దాటితే పసుపు పూయమని రాసింది. ఇంట్లో చూసుకుంది, పసుపు. శుక్రవారం తెచ్చి పెట్టింది. ఫైలు తారీఖు, గంట, నిమిషం నోటుబుక్కులో ఎక్కించింది.

నాలుగు పాయింట్ రెండు కొట్టింది. ఎరుపు.

గబగబా ఫైలు తెరిచింది. తారీఖు మారలేదు. లోపల పసుపే ఉంది, చుక్కలూ ఉన్నాయి. వెంట్రుక మూత మీదే ఉంది, పాలు మాత్రం లేవు! ఇంటర్నెట్‌లో వెతికితే, నాలుగేళ్ల కిందట ఎవరో అచ్చం ఇదే గోడు వెళ్లబోసుకున్నాడు. కింద అతనే రాసుకున్న జవాబు: "దొరికింది, అందరికీ థాంక్స్." ఏం దొరికిందో చెప్పలేదు. వాడి నోట్లో మట్టి కొట్టాలనిపించింది.

రెండింటికి పెద్దకోడలు వచ్చింది. చిన్నకోడలు కుర్చీలోంచి లేవలేదు.

"అక్కా, నా ఫైలు తెరిచావా లేదా?"

"తెరిచా."

అంత సూటిగా వస్తుందనుకోలేదు. "ఎందుకు?"

"సోమవారం సాయంత్రం అన్నీ ఎర్రబడుతుంటే చూశా. ముప్పై అయిదుంది. చుక్క పెట్టి, బాణం నొక్కా. అయినా ఎరుపే. నువ్వేదో తాళం వేసిపెట్టావనుకున్నా. నా షిఫ్టులో తగలడితే నింద నా మీదికొస్తుందని."

"నేనా? నీ మీదికి?"

"మరి నువ్వేమనుకున్నావ్?"

చిన్నకోడలు నోటుబుక్కులో రాసిన తారీఖుని వేలితో కప్పేసింది. పెద్దకోడలికి అర్థమైంది. "ఓహో! నేను చుక్కలు దొంగిలిస్తున్నానని. చుక్కల దొంగని! నీ ముఖానికి నేను దొంగతనం కూడా చెయ్యాలా?"

"ఆ పేజీలన్నీ ఎందుకు చదివావు మరి?"

"అర్థం కాక చదివా. చదివాక ఇంకా అర్థం కాలేదు. ఆ మీట సంగతి నీ నోటుబుక్కులో చూసే తెలుసుకున్నా."

"నోటుబుక్కు కూడానా!"

"తిట్టుకోడం తర్వాత. నీ ఉత్తుత్తి పేజీ ఇక్కడ తెరిచి చూశావా?"

చూడలేదు. ఇంట్లో చూసుకున్నాక ఇక్కడెందుకని. ఫైళ్లతో పాటే వచ్చిన ఆ పేజీని కోపంగానే తెరిచింది, మీట నొక్కింది, నలభై ఒకటి కొట్టింది. పసుపు. చుక్క పెట్టింది, రంగు పోయింది. పక్కనే రిపోర్టు పేజీలో అదే నాలుగు పాయింట్ ఒకటి కొడితే ఎర్రబడింది. ఒకే కంప్యూటరు, ఒకే తోక, రెండు రంగులు.

పెద్దకోడలు ఉత్తుత్తి పేజీ మీద వేలు పెట్టింది.

"ఇది ఇప్పుడే పుట్టిన పేజీ" అంది పెద్దకోడలు మెల్లిగా. "మరి అది?"

"సోమవారం. కరెంటు వచ్చాక." చిన్నకోడలు కుర్చీ ముందుకి లాక్కుంది. "అక్కా, ఎరుపు కూడా సోమవారానిదే. తెరుచుకున్నప్పుడు ఏది చదివిందో దాన్నే పట్టుకుని కూర్చుంది. మనం బాణం ఎన్నిసార్లు నొక్కినా దాని చెవికెక్కలేదు. ఇంట్లో నేను ప్రతిసారీ కొత్తగా తెరుస్తా కాబట్టి..."

లోకంలో ఇంకెవరూ ఒక పేజీని అయిదు రోజులు మూయకుండా కాపలా కాయరు కాబోలు. సూచనలు రాసినవాళ్లకి ఆ మాట చెప్పాలనే తోచి ఉండదు.

"మేడంని అడిగొస్తా" అని లేచింది చిన్నకోడలు.

"అడిగితే సోమవారం చూద్దామంటుంది. నీకున్నది రేపటి దాకానే." పెద్దకోడలు వంగి, కాగితం మీద రాసిన మాటకేసి ఒకసారి చూసి, రిపోర్టు పేజీని మూసేసింది. తర్వాత తనే వెళ్లి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ చేతి తొడుగులు ఊడదీసుకుంటూ వచ్చింది. "ఎవరు మూశారు?"

"నేనే మేడం."

"తొమ్మిదేళ్లలో ఎప్పుడూ మూయలేదే నువ్వు."

"ఇన్నాళ్లూ అవసరం పడలేదు మేడం."

డాక్టరమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. వేలు పెట్టింది. పేజీ తెరుచుకుంది. చిన్నకోడలు అంకె కొట్టబోతే, "నువ్వు కాదు" అని తనే కూర్చుంది. పైన ఉన్న చీటీ తియ్యలేదు, కట్ట అడుగు నుంచి ఒకటి లాగింది. నాలుగు పాయింట్ అయిదు. గడి తెల్లగా ఉంది. చుక్క చెరిపింది. పసుపు. మూడు పాయింట్ నాలుగు, పసుపు. అయిదు పాయింట్ ఒకటి, తెలుపు. అయిదు పాయింట్ రెండు, పసుపు.

"దీన్ని నమ్మొచ్చంటావా?"

"నమ్మొద్దు మేడం" అంది చిన్నకోడలు. "చీటీ చూసే కొట్టాలి. ఇది పక్కన నిలబడే మనిషి లాంటిది, అంతే. నేను దీన్ని మార్చిన రోజు మాత్రం మీరొచ్చి వేలు పెట్టాలి."

డాక్టరమ్మ లేచింది. మానిటరు మీది కాగితం పీకి, వెనక్కి తిప్పి ఏదో రాసి, మళ్లీ అంటించింది: "తోక మార్చిన రోజు నన్ను పిలవాలి." గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండా, "సోమవారం కూడా ఏడింటికే రా. లేటు చెయ్యకు" అంది.

చిన్నకోడలు కుర్చీ ఖాళీ చేసింది. పెద్దకోడలు కూర్చుని, ఎప్పట్లాగే ఎత్తు సరిచేసుకుంది.

"సోడియం గడికి కూడా హద్దులు రాద్దామనుకుంటున్నా" అంది తెర వైపు చూస్తూనే. "సాయంత్రం ఫైలు తెరుస్తా. రేప్పొద్దున తారీఖు చూసి ఉలిక్కిపడకు."

"సరే అక్కా" అంది చిన్నకోడలు. సంచీ భుజాన వేసుకుని నాలుగడుగులు వేసింది. ఆగింది. వెనక్కొచ్చి నోటుబుక్కు తీసి, టేబుల్ మీద పెట్టి వెళ్లింది.