గుడారంలో తుంగభద్ర

గజాలా గుడారంలోకి గాలి నింపుతుంటే నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. గద్వాలలో ఒక ఫంక్షన్ హాలు, పట్టపగలు. నేలమీద కుప్పగా పడున్న నల్లగుడ్డ ఫ్యాను గాలికి ఉబ్బి, చూస్తుండగానే బోర్లించిన గిన్నెలా నిలబడింది.

గజాలా నా దగ్గర చదువుకున్న పిల్ల. ఈ గుడారాన్ని ఊరూరా బళ్లకు తీసుకుపోయి పిల్లలకు చుక్కలు చూపిస్తుంది. లోపల చాపల మీద పడుకుంటే ఆకాశమంతా మన మీదే తిరుగుతుంది. ఈసారి ఆమె చేసింది చుక్కలు కాదు. రెండు వేల తొమ్మిదిలో అలంపూర్‌ను ముంచిన తుంగభద్ర వరద.

ఆ వరదలో నా భార్య సుమన ఒక పగలూ ఒక రాత్రీ పుట్టింటి మిద్దె మీద చిక్కుకుపోయింది. దారులు తెగి నేను గద్వాలలోనే ఉండిపోయాను. తర్వాత ఎంత అడిగినా "నీళ్లొచ్చినయ్, పోయినయ్" అనేది, అంతే. ఆపైన పదకొండేళ్లు బతికింది. ఆ పదకొండేళ్లలో ఎన్నోసార్లు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, చీకట్లో "ఉన్నవా?" అని అడిగేది. "ఏడికి పోత? పండుకో" అనేవాణ్ని. పడుకునేది కానీ నిద్రపోయేది కాదు. ఆ మిద్దె మీద ఏం చూసింది, నేను రానందుకు ఏమనుకుంది? ఆ సంగతి తెలుసుకోవాలనే వచ్చాను. తెలుస్తుందేమోననే భయం కూడా నాతోపాటు వచ్చింది.

మిద్దె మీద ఆమెతో ఉన్నది వాళ్లక్క జములమ్మ ఒక్కతే. గజాలా నాలుగు నెలలు ఆమె చుట్టూ తిరిగి, అడిగి అడిగి ఈ బొమ్మ కట్టింది. సోమవారం శ్రీరంగాపూర్ బడి పిల్లలకు వేయాలి. అంతకన్నా ముందు మా ఇద్దరికీ చూపిస్తానంది. వరద నాటి నుంచి జములమ్మ తలుపు మూసిన గదిలో కూర్చోదు.

"వదినె, వద్దనుకుంటే చెప్పు. బయటనే కూసుందాం," అన్నాను.

"నీకు భయమైతుందని చెప్పు మరిదీ. నా మీద పెట్టకు."

గజాలా నవ్వింది. "క్లాసుల మమ్మల్ని మస్తు భయపెట్టిండు అమ్మా సారు. ఇయ్యాల ఆయన వంతు."

లాప్‌టాప్‌లో ఊరంతా పెనం మీది జొన్నరొట్టెలా గుండ్రంగా, అంచుల్లో సాగిపోయి కనబడుతోంది. ప్రొజెక్టరు వెలుగు ఉబ్బెత్తు అద్దం మీద పడి గుడారమంతా పరుచుకుంటే అది సరైన ఊరవుతుందట.

"కానీ ఒక్క చోటు నుంచి చూసినట్టే గీయాలె సార్," అంది గజాలా. "ముందు మిద్దె నడుమ నిలబడి చూసినట్టు గీసిన. అమ్మ ఒప్పుకోలే."

"నిలబడితే గదా!" అంది జములమ్మ. "మూలకు, పిట్టగోడకు ఆనుకొని కూసున్నం. నిలబడెటందుకు కాళ్లెక్కడివి?"

అందుకని గజాలా ఊరంతటినీ మళ్లీ గీసింది. నెల పట్టిందట. కూర్చున్న మనిషి కంటికి నీళ్లు ఎంత దగ్గరగా ఉంటాయో నేను అప్పటిదాకా ఆలోచించలేదు.

ఫోన్ల వెలుగు పడకూడదని బయటే పెట్టించింది. గుడ్డదారిలో వంగి లోపలికి వెళ్లాం. గజాలా జిప్పు వేస్తూ వేస్తూ జానెడు మేర వదిలేసింది. ఆ సందులోంచి వచ్చే వెలుతురు ఆమె బొమ్మను పాడుచేస్తుంది. అయినా వదిలేసింది, ఎందుకో చెప్పలేదు. జములమ్మ ఆ సందు ఎదురుగా కూర్చుంది.

బొమ్మ మొదలైంది. తెల్లవారిన అలంపూర్. తడిసిన మిద్దెలు, వాటి వెనక గుడి శిఖరాలు. వీధి చివర మట్టిరంగు నీళ్లు. హోరు వినబడింది. జూరాల డ్యాం గేట్లు ఎత్తినప్పుడు రికార్డు చేసి పెట్టిందట.

"ఆ సప్పుడు తీసెయ్యి బిడ్డా," అంది జములమ్మ.

"ఎందుకమ్మా?"

"నీళ్లకు సప్పుడు లేకుండె. సప్పుడుంటే ముందే ఉరికేటోళ్లం కదా."

హోరు ఆగిపోయింది. గుడారాన్ని నిలబెట్టిన ఫ్యాను రొద ఒక్కటే మిగిలింది. నీళ్లు చప్పుడు లేకుండా గుమ్మాలెక్కాయి, కిటికీలెక్కాయి. ఒక నులకమంచం తిరుగుతూ మా ముందు నుంచి పోయింది. ఎటు తల తిప్పినా నీళ్లే. ముప్పై ఏళ్లు కాంతి గురించి పాఠం చెప్పినవాణ్ని. అది గుడ్డ మీది వెలుగేనని తెలుసు. అయినా తడుస్తాయని కాళ్లు ముడుచుకున్నాను.

నీళ్లు పిట్టగోడ అంచుకు వచ్చాయి. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

జిప్పు సందులోని వెలుతురు కూడా ఆరిపోయింది. పరదాలు దించిన హాల్లో అన్ని లైట్లూ పోయాయి. ఫ్యాను ఆగింది. 

"కదలకుండ్రి సార్! జనరేటర్ ఏసొస్త," అంటూ గజాలా పాకుతూ బయటికి పోయింది.

గుడారం దిగడం మొదలైంది. గుడ్డ ముందు నా జుట్టుకు తగిలింది, తర్వాత నుదుటికి. లేవబోతే ముఖమంతా కప్పేసింది. దారి ఎటుందో మరిచిపోయాను. చేతులతో ఎటు తోసినా గుడ్డే. ఊపిరి అందలేదు.

ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుని కిందికి గుంజింది. నా అంగీ కొసకు ఏదో ముడి పడుతోంది. చీర కొంగు.

"ఉన్నవా?" అంది జములమ్మ.

నేను గుడ్డను తోస్తూనే ఉన్నాను.

"ఉన్నవా అంటే ఉన్న అనాలె. ఉన్నవా?"

"ఉన్న."

"ఆఁ. ఇగ నువ్వడుగు."

"ఉన్నవా వదినె?"

"ఉన్న." ఆమె కొంగు ముడి గట్టిగా బిగించింది. "రాత్రంత గిట్లనే గడిపినం. కొంగులు ముడేసుకున్నం. అయినా సుమనకు నమ్మకం లేకపాయె, చీకట్ల నేను కొట్టుకపోయిన అనుకునేది. ఉన్న అంటేనే జర కన్ను మూసేది."

నేను చాప మీదికి ఒరిగిపోయాను. పదకొండేళ్లు. పండుకో అన్నాను. ఒక్కసారి కూడా ఉన్న అనలేదు.

ఆమె గొంతు వినబడిన వైపు తిరిగి అడిగాను. "నేను రాలేదని తిట్టుకుందా?"

"నిన్నా? ఈత రానోడు, యాడ బయలెల్లి వస్తడో అని మొక్కుకుంది. రాకుంటెనే బాగుండన్నది." మెల్లగా నవ్వింది. "ఉన్నవా?"

"ఉన్న."

జనరేటరు మోత వినబడింది. మా మీద పడిన గుడ్డ మెల్లగా పైకి లేచింది. గజాలా కళ్లనీళ్లతో పరుగెత్తి వచ్చింది.

"మాఫ్ చేయిండ్రి అమ్మా. పిల్లలకు ఇది వద్దు. నీళ్లు మొత్తం తీసేస్త."

"నీళ్లు ఉండనియ్యి," అంది జములమ్మ, నా అంగీకి కట్టిన ముడి విప్పుతూ. "నువ్వు తీసేసిన సప్పుడు జాగల మిద్దె మీద మేమనుకున్న 'ఉన్నవా, ఉన్న' పెట్టు. భయమైతే ఏం జెయ్యాల్నో పిల్లలకు తెలుస్తది."

గజాలా మైకు తెచ్చింది. జములమ్మ మైకు ముందు సర్దుకుని కూర్చుని, చదివి అప్పజెప్పినట్టు బిగ్గరగా "ఉన్నవా?" అంది.

"గంత గట్టిగ కాదమ్మా. మిద్దె మీద అన్నట్టు అనుండ్రి. జవాబు ఎవరు చెప్తరు?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను మైకు దగ్గరికి జరిగాను. మొదటిసారి "ఉన్న" మరీ మెల్లగా వచ్చింది.

"ఇంకోపారి సార్," అంది గజాలా.

చెప్పాను.

"ఇంకోపారి."

చెప్పాను. ఆ మధ్యాహ్నం నాచేత ఎన్నిసార్లు చెప్పించిందో నేను లెక్కపెట్టలేదు.