క్లిప్పు పెట్టే కుర్చీ

ఆ రోజు మెదడు ఆపరేషన్‌లో క్లిప్పు పెట్టే కుర్చీని ప్రొఫెసర్ ఇసోబే కుదోకి ఇచ్చారు. ఒనోదెరాని సహాయకుడిగా ఎదుటి కుర్చీలో కూర్చోమన్నారు. అకితాలోని ఆ ఆసుపత్రిలో కుదోకి సూక్ష్మదర్శిని కింద కత్తెర పట్టడం నేర్పింది ఒనోదెరాయే.

రోగి పేరు సతాకె ఫుమి. ముల్లంగి ఊరగాయ అమ్ముతుంది. ఇంటికప్పు మీది మంచు తోస్తూ తల పట్టుకుని కూలిపోయింది. మెదడులో రక్తనాళం మీద ఉబ్బిన బుడగ పగిలింది. అది మళ్ళీ పగిలేలోపు పుర్రె తెరిచి, బుడగ మెడకు క్లిప్పు పెట్టాలి.

కుదో రోజూ కోడిరెక్కల్లోని నాళాలు కుట్టి సాధన చేస్తుంది. చేతులు కడుక్కుంటూ ఒనోదెరా అడిగాడు.

"ఏం కుదో, ఈ వారం ఎన్ని కోళ్ళని బతికించావ్?"

"ఒక్కటీ లేవలేదు సెన్సే. మీరు దీవిస్తే ఈవిడైనా లేస్తుంది" అంది కుదో తన గురువుతో.

అతను నవ్వలేదు.

అక్కడ ఒక పద్ధతి ఉంది. చిన్నవాళ్ళ చేతిలో పని చెడితే ఎదుట కూర్చున్న పెద్దవాడు 'జరుగు' అంటాడు. ఎదురు చెప్పకుండా లేవాలి. అలా లేచినవాళ్ళకి ఆ కుర్చీ మళ్ళీ ఏళ్ళ తరబడి రాదు.

కుదో మెదడు మడతలు విడదీసింది. ఒనోదెరా ఆమె తప్పు కోసం చూశాడు. దొరకలేదు. తప్పు లేకుండానే బుడగ పగిలింది. ఎరుపు తప్ప ఏమీ కనపడలేదు. కుదో చేయి ఆగిపోయింది.

'జరుగు' అతని నాలుక మీదికి వచ్చింది. పొద్దుటి నుంచి దానికోసమే కాచుకుని ఉన్నాడు. కాని కుర్చీలు మారాలంటే సూక్ష్మదర్శిని పక్కకు తిప్పాలి. అంతసేపు రక్తం ఆగదు. ఆ మాటకు మూల్యం ఫుమి చెల్లిస్తుంది.

రక్తం పీల్చే గొట్టాన్ని చిరుగుకు ఆనించాడు. ఎరుపు తగ్గింది. నాళం కనబడింది.

"తాత్కాలిక క్లిప్పు. నా గొట్టానికి ఎడమన. కోడి అనుకో, పెట్టెయ్."

ఆమె పెట్టింది. రక్తం ఆగింది. తర్వాత బుడగ మెడకు అసలు క్లిప్పు పెట్టింది.

తెర మీద అంతా చూసిన ఇసోబే, "కుదో బాగా చేసింది" అన్నారు.

"అవును సెన్సే" అన్నాడు ఒనోదెరా. ఇంకేమైనా అంటారేమోనని కాసేపు నిలబడ్డాడు. ఆయన వెళ్ళిపోయారు.

మర్నాడు ఫుమి కళ్ళు తెరిచి కుదో వేళ్ళు నొక్కింది. ఒనోదెరా తలుపు దగ్గర నిలబడి చూశాడు. సాయంత్రం మాంసం అంగడికి వెళ్ళి కోడిరెక్కలు అడిగాడు.

"కాల్చడానికా, వేయించడానికా?"

"కుట్టడానికి."

"అయ్యో, మీరూ ఆ ఆసుపత్రిలోనేనా? మంచివన్నీ మీ డాక్టరమ్మ ఏరి పక్కన పెట్టించుకుందండీ."

"అవే ఇవ్వండి" అన్నాడు ఒనోదెరా.