ఎర్రమట్టి దారి

ఈ దేశంలో నా కాలు పడని నేల లేదు. సముద్రపు ఒడ్డు, పచ్చటి మైదానం, ఎండకు మాడే పీఠభూమి, వానల కొండలు, నాలుగు ప్రాంతాలూ నా అరికాళ్ళకు కంఠతా వచ్చు. నమ్మకపోతే మానండి. బస్టాండు పక్కన యాత్రికుల సమాచార గదిలో ముప్పై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి నేను.

గదంటే ఎంతో లేదు. ఒక బల్ల, రెండు కిటికీలు, తిరిగేదానికన్నా ఎక్కువ మూలిగే పంకా, గోడనిండా దేశపటం. అందులో తీరం నీలం, మైదానం ఆకుపచ్చ, పీఠభూమి పసుపు, కొండలు ఇటుక ఎరుపు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ పటం మీద ఈగలు ఎక్కడెక్కడ వాలేవో చెప్పగలను. తడిసిన సంచుల వాసన కూడా వస్తుంది.

మా ఊరి రేవులో ఓడ దిగినవాళ్ళు ఎటు వెళ్ళమంటారని నన్నడిగేవారు. నాకు అంతకన్నా ఏం కావాలి?

"తీరం వెంబడి వెళ్ళండి, అక్కడి గాలికి కాకులు వెనక్కి ఎగురుతాయి. పీఠభూమికా? అక్కడ మధ్యాహ్నమైతే ఎండ తట్టుకోలేక చెట్టు నీడ చెట్టెక్కి కూర్చుంటుంది. ఇక కొండల్లో వాన ఎంత ఒత్తుగా పడుతుందంటే, చేపలు దాన్ని పట్టుకుని మబ్బుల్లోకి పాకుతాయి."

అందరూ నవ్వుకుంటూ టికెట్లు కొనుక్కునేవారు. నవ్వనిది ఒక్కతే, గది ఊడ్చే అమ్మాయి. నాకన్నా రెండేళ్ళు చిన్నది, నోరు మాత్రం ఇరవై ఏళ్ళు పెద్దది.

"ఆ చేపలు దిగేటప్పుడు జారతాయా బాబుగారూ, మెట్లేమన్నా ఉన్నాయా?"

"చూసొచ్చినవాణ్ణి చెబుతుంటే నీకెందుకంత వెటకారం?"

"మీ చెప్పుల కింద ఎప్పుడూ ఎదుటి టీకొట్టు బురదే కదండీ. ఏడాది బట్టి ఊడుస్తున్నా. ఇంకో మట్టి ఒక్కరోజన్నా రాలిందా?"

నేను కాళ్ళు బల్ల కిందికి లాక్కున్నాను. బస్సెక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. అప్పటికి నేను ఊరి పొలిమేర దాటి ఎరగను. నా దేశమంతా ఆ గోడ మీదే ఉండేది.

ఒకరోజు పొద్దున్నే ఓడ దిగి ఓ పరదేశపు పెద్దావిడ వచ్చింది. మన భాష నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు మాట్లాడింది. భర్త ఇక్కడ మన భాష నేర్చుకుని, ఉత్తరాల్లో ఆవిడకూ నేర్పాడట. ఆయన ఒకప్పుడు ఇక్కడికొచ్చి రోడ్లు వేయించాడు. చేతిసంచిలోంచి ఓ ఉత్తరం తీసింది. 'రేవు నుంచి మూడు గంటల దారిలో రెండు కమానుల వంతెన కట్టాను. ఎప్పటికైనా నిన్ను తెచ్చి దాని మీద కూర్చోబెడతాను' అని ఉంది. ఏ దారో రాయలేదు. మడతలో చిటికెడు ఎర్రమట్టి మాత్రం ఉంది.

"ఆయన తేలేకపోయారు. నేనే వచ్చాను. సాయంత్రం ఓడ వెళ్ళిపోతుంది నాయనా. మళ్ళీ ఇంత దూరం రాలేను. ఇది ఎక్కడి మట్టి?" అంది.

నేను పటం వైపు ఒక్క చూపు చూశాను. ఎరుపంటే కొండలే.

"కొండలమ్మా! చూడగానే గుర్తుపట్టాను. కొండల బస్సు బయలుదేరబోతోంది, పదండి" అని సంచి అందుకున్నాను.

గుమ్మంలో చీపురు అడ్డం పడింది.

"అది కొండ మట్టి కాదమ్మా. కొండ నుంచి వచ్చినోళ్ళ బూట్లకి నల్లగా, ముద్దలు ముద్దలుగా, కుళ్ళిన ఆకుతో అంటుకుని వస్తది. రేకు పెట్టి గీకితే గాని ఊడదు. ఈ ఎర్రది పొడి. నీళ్ళు చల్లకుండా ఊడిస్తే నా నెత్తికే ఎక్కుద్ది. పీఠభూమి నుంచి వచ్చినోళ్ళే తెస్తారు దీన్ని."

"పటంలో కొండలే ఎర్రగా ఉన్నాయి కదా!" అన్నాను.

"రంగేసినాయన మట్టిని అడిగి వేశాడా?"

బయట కొండల బస్సు హారన్ కొడుతోంది. అది తూర్పుకు, పీఠభూమి బస్సు పడమరకు. తప్పు బస్సెక్కితే ఆవిడ ఇన్నేళ్ళ ఎదురుచూపూ ఆ మలుపుల్లో పోతుంది. ఆవిడ నన్నూ, ఆ అమ్మాయినీ మార్చి మార్చి చూసింది. అప్పుడు నేను గుండె దిటవు చేసుకుని, "అమ్మా, నేను కొండలూ చూడలేదు, పీఠభూమీ చూడలేదు. ఈ అమ్మాయి మాట వినండి" అన్నాను.

ఆవిడ పీఠభూమి బస్సెక్కింది.

ఆ రోజు నేను ఎవరికీ ఏ కథా చెప్పలేదు. ఏ బస్సు చప్పుడైనా కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఆ అమ్మాయి కూడా ఊడ్చిన చోటే ఊడుస్తూ ఉండిపోయింది. ఎండ వాలాక ఆవిడ దిగింది. ముఖం చూసే ముందు ఇద్దరం బూట్లే చూశాం. చీలమండల దాకా ఎర్రగా ఉన్నాయి.

"ఉంది. కమాను మీద సంవత్సరం చెక్కి ఉంది. కూర్చున్నాను. పక్కన కొంచెం చోటు వదిలి కూర్చున్నాను" అంది.

గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి, ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని, ఓడకు వెళ్ళిపోయింది. ఆ ఎర్రటి అడుగుల్ని మూడు రోజులు ఊడవలేదు ఆ పిల్ల. నేనూ వాటిని తొక్కకుండా గోడవారగా నడిచాను.

తర్వాత నాకూ ఆ పిల్లకూ పెళ్ళయింది. మేం ఎక్కిన మొదటి బస్సు పడమరదే. దారిలో నాకు నాలుగుసార్లు వాంతి అయింది. వంతెన దగ్గర దిగగానే మా ఆవిడ నా చెప్పులు తిరగేసి చూసి, "హమ్మయ్య, ఇప్పుడు చెప్పుకోండి ఎన్ని గొప్పలైనా" అంది. మిగతా మూడు ప్రాంతాలూ ఆవిడ కొంగు పట్టుకునే తిరిగాను. చెప్పుల కింద మట్టి చూసి నేనెక్కడికెళ్ళొచ్చానో చెప్పే మనిషి ఇప్పుడు ఇంట్లో లేదు. అందుకే ఇల్లు నేనే ఊడుస్తున్నాను, నెమ్మదిగా, కాస్త నీళ్ళు చల్లి.

ఇందులో చేపల సంగతి మీరెలాగూ నమ్మరు. నేను కల్పించింది ఇంకొకటి ఉంది. గుండె దిటవు చేసుకుని నిజం చెప్పానన్నానే, అది. అప్పుడు నేను నోరే విప్పలేదు. "ఈయన పొలిమేర దాటి ఎరగడమ్మా, నా మాట వినండి" అన్నది తనే. నేను సంచి మోశాను, అంతే.