ఎండిన చొక్కా

ఆ పన్నెండు రోజుల్లో ఊళ్లో కాలిపోయిన మోటార్లన్నీ నా దుకాణానికే వచ్చాయి. ఫ్యాన్లు, కూలర్లు, నీళ్ల పంపులు. ఎండ నలభై ఆరు దాటితే మనిషి కంటే ముందు మోటారులో రాగితీగ కాలుతుంది. మనిషి మొత్తుకుంటాడు. తీగ మొత్తుకోదు. అంతే తేడా.

పన్నెండో రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు బేకరీ ఓనరు ఫోన్ చేశాడు.

"మేస్త్రీ, ఓవెను గదిలో ఎగ్జాస్టు ఫ్యాను ఆగిపోయింది. ఉన్నపళంగా రావాలి."

"సాయంత్రం వస్తాను."

"సాయంత్రానికి మేమంతా బిస్కెట్లయిపోతాం. ఓవెను దగ్గర మీ బావమరిదే ఉన్నాడయ్యా. వాడి మొహం చూసైనా రా."

వాడి మొహం చూడదలచుకుంటే ఏడాది కిందటే చూసేవాణ్ణి. ఆ సంగతి ఓనరుకు తెలియదు. అయినా వెళ్ళాను. పని పనే.

కిందటి ఎండల్లో మా ఆవిడ పోయింది. మేముండేది మూడో అంతస్తు పైన రేకుల గది. ఆ రోజు నేను ఊరందరి ఫ్యాన్లూ బాగుచేస్తూ తిరుగుతున్నాను. పొద్దున్నే ఆవిడకు వాంతులయితే, కనిపెట్టుకుని ఉండమని ఆవిడ తమ్ముణ్ణి కూర్చోబెట్టి వెళ్ళాను. మధ్యాహ్నం దాకా చెమటతో తడిసి ముద్దయిన మనిషికి రెండింటికి చెమట ఆగిపోయింది. వడదెబ్బలో అది గండం. వాడు దాన్ని గుణం అనుకున్నాడు. నిద్రపోతోందనుకుని అట్ట ముక్కతో విసురుతూ రెండున్నర గంటలు పక్కనే కూర్చున్నాడు. నుదుటి మీద ఒక్కసారి చెయ్యి వేసి ఉంటే తెలిసేది. నేను వచ్చి చెయ్యి వేసేసరికి పెనం మీద వేసినట్టయింది.

అప్పటి నుంచి వాడికీ నాకూ మాటల్లేవు.

బేకరీ షట్టరు దించి ఉంది. బయట తాళం. ఎండలు తగ్గేదాకా పన్నెండు నుంచి నాలుగు వరకు ఎవరిచేతా పని చేయించకూడదని అధికారులు ఆర్డరు వేశారు. జీపులో తిరిగి చూస్తున్నారు. అందుకని ముందు తాళం, లోపల పని. గాలి రాకపోయినా ఫరవాలేదు, జీపు రాకుంటే చాలు. నేను వెనక సందులోంచి పిండిబస్తాల మధ్య పక్కకు తిరిగి నడిచి లోపలికి వెళ్ళాను.

ఓవెను గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క కంతలో ఎగ్జాస్టు ఫ్యాను చచ్చి ఉంది. గోడకున్న థర్మామీటరు యాభై చూపించి ఊరుకుంది. దాని మీద ఆపైన అంకెలు లేవు. ఒక మూల పిండి కలిపే పెద్ద స్టీలు తొట్టి. దాని పక్కన గోనెసంచులు కప్పిన నాలుగు ఐసు దిమ్మలు. వేడికి పిండి ముందే పొంగి పులిసిపోతుందని ఈ రోజుల్లో ఐసునీళ్ళతోనే కలుపుతారు.

బల్ల దగ్గర రొట్టెలు కవర్లలో పెడుతున్న ఆవిడ నేను ఐసు వైపు చూడటం గమనించింది.

"చూడన్నా, ఈ బేకరీలో మనిషిగా చేరేకంటే పిండిగా చేరితే మేలు. చల్లగా చూసుకుంటారు."

"నీ నోటికి ముందు కవరు వెయ్యాలి," అన్నాడు ఓనరు.

"వెయ్యండి. అందులో కూడా ఇంత ఐసు వేసి వెయ్యండి."

మా బావమరిది పొడుగాటి పారతో ఓవెన్లోంచి ట్రేలు లాగుతున్నాడు. చిక్కిపోయాడు. చొక్కా వీపుకు అంటుకుపోయి, అంచుల నుంచి నీళ్ళు కారి కాళ్ళ దగ్గర మడుగు కట్టింది.

"వచ్చావా బావా," అన్నాడు.

నేను ఓనరు వైపు తిరిగి, "నిచ్చెన ఎక్కడ?" అన్నాను.

నిచ్చెనెక్కి ఫ్యాను వెనక మూత తీశాను. వార్నిష్ మాడిన కంపు గుప్పుమంది. ఇక అందులో చూడాల్సిందేమీ లేదు.

"తీగ మొత్తం కాలిపోయింది. దించి దుకాణానికి తీసుకెళ్ళాలి. అందాకా ఓవెను ఆపండి. షట్టరెత్తండి."

"ఆపితే ఎలా మేస్త్రీ? ఆస్పత్రికి సాయంత్రం రొట్టె పంపాలి. ఇంకా నాలుగు వాయిలున్నాయి. నువ్వు ముందు ఫ్యాను దించు. ఆ కంతలోంచైనా కాస్త వేడి పోతుంది."

"తమ్ముడూ, నువ్వు కాసేపు సందులో నిలబడి రారాదూ," అంది ప్యాకింగ్ ఆవిడ వాడితో.

"ఈ ట్రే దించి వెళ్తానక్కా."

"పొద్దున్నుంచీ అదే ట్రే దించుతున్నావు."

వాడు నవ్వాడు. వెళ్ళడని నాకు తెలుసు. పోయిన నెల ఒక వాయి మాడ్చినందుకు ఓనరు వాణ్ణి పన్లోంచి తీసేశాడు. వారం రోజులు తిరిగి కాళ్ళావేళ్ళా పడితే మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంకొక వాయి మాడితే ఈసారి తిరగడానికి గుమ్మం కూడా ఉండదు.

ఫ్యానుకు నాలుగు బోల్టులు. నాలుగూ తుప్పు పట్టాయి. నూనె వేసి, సుత్తితో తట్టి, స్పానరుకు బరువంతా వేసి తిప్పాలి. పైకప్పు కింద వేడి కింద కంటే ఎక్కువ. తలకు తడిగుడ్డ చుట్టుకుని మొదటి బోల్టు పట్టాను. అయిదు నిమిషాలు తీసుకుంది.

అది ఊడాక కిందికి చూశాను. వాడి చొక్కా ఆరిపోయి ఉంది. వీపు మీద తెల్లటి ఉప్పు చారలు, గీసినట్టు. మెడ ఎర్రగా, పొడిగా ఉంది. కాళ్ళ దగ్గరి మడుగు ఇంకిపోయి మరకగా మిగిలింది. ఓవెను ముందు నిలబడ్డ మనిషికి చుక్క చెమట లేదు.

నాకు తెలుసు అదేమిటో. ఊళ్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

రెండో బోల్టుకు నూనె వేశాను.

ఫ్యాను దించితే గాలి వస్తుంది కదా అని ఒక మాట నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ జానెడు కంతలోంచి వచ్చే గాలి ఆ మనిషిని బతికించదని నాకు తెలుసు. అసలు నేననుకున్నది వేరు. చూద్దాం, అనుకున్నాను. వాడి పక్కన ఎవరు కూర్చుని విసురుతారో చూద్దాం.

రెండో బోల్టు ఊడేసరికి వాడు ఖాళీ ట్రేను ఓవెన్లోకి తోసి తలుపు వేశాడు.

"ఒరేయ్, ఖాళీది పెడతావేంరా? కళ్ళు నెత్తికెక్కాయా?" అని ఓనరు అరిచాడు.

"పండిందండీ," అన్నాడు వాడు. ఏం పండిందో వాడికే తెలియదు.

ప్యాకింగ్ ఆవిడ లేచి వచ్చి వాడి వీపు చూసింది. "పోనీలే, చెమట తగ్గింది తమ్ముడికి. కాస్త నయం," అని మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళింది.

అక్కడ నేను నోరు తెరవాలి. తెరవలేదు. మూడో బోల్టు మీద సుత్తి వేశాను.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. మా ఆవిడ పోయిన రోజు రెండింటికి వాడు నాకు ఫోన్ చేశాడు. "అక్కకు చెమట తగ్గింది బావా. పడుకుంది. లేపి నీళ్ళు పట్టనా?" అని అడిగాడు. నేను ఎవరింట్లోనో స్టూలెక్కి ఉన్నాను. "పడుకోనియ్యరా, లేపొద్దు," అన్నాను. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. వాడు కూడా ఎవరికీ చెప్పలేదు. నేను పదిమందిలో వాణ్ణి హంతకుడన్నప్పుడు కూడా చెప్పలేదు.

మూడో బోల్టు ఊడింది. నాలుగోది కదల్లేదు. ఎంతసేపు తిప్పానో. చెమట కళ్ళలోకి దిగి మండుతోంది. నాకు చెమట పడుతోంది, అంతవరకు నేను బాగానే ఉన్నాను.

కింద ఆవిడ కేక పెట్టింది. చూస్తే, వాడు పార వదిలేసి వట్టి చేతులతో ఓవెన్లోంచి ట్రే పట్టుకుని లాగుతున్నాడు. చర్మం కమిలిన వాసన పైదాకా వచ్చింది. వాడి మొహంలో నొప్పి లేదు. ట్రేను భద్రంగా బల్ల మీద పెట్టి, నా వైపు తలెత్తి, "అక్క తిన్నదా బావా?" అని అడిగి, మోకాళ్ళ మీద కూలిపోయాడు.

నిచ్చెన ఎలా దిగానో తెలియదు. సగంలోంచి దూకినట్టున్నాను, మడమ రెండు నెలలు సలిపింది.

చెయ్యి వేశాను. అదే పెనం.

"తొట్టి ఖాళీ చెయ్యండి," అన్నాను.

"తొట్టేమిటి?" అన్నాడు ఓనరు.

"పిండి తీసి కింద పారేసి నీళ్ళు పట్టండి. ఐసు వెయ్యండి."

"అది పిండి కలిపే తొట్టయ్యా! రేపు అందులో రొట్టె చెయ్యాలి నేను. ఐసు పిండికే చాలదు..."

ప్యాకింగ్ ఆవిడ అప్పటికే రెండు చేతులతో పిండి ఎత్తి నేలకేసి కొడుతోంది. "రేపటి రొట్టె రేపు. ఈ మనిషి ఇక్కడ చస్తే ఆ జీపు కాదు, పెద్ద జీపు వస్తుంది. గొట్టం ఇటు తెండి!"

అప్పుడు ఓనరు కదిలాడు. దయతో కాదు. జీపు మాటతో.

వాణ్ణి బట్టలతోనే ఎత్తి తొట్టిలో కూర్చోబెట్టాం. పిండి జిడ్డు ఇంకా వదలని తొట్టి. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. సుత్తితో ఐసు పగలగొట్టి చంకల్లో, మెడ చుట్టూ, గజ్జల్లో పెట్టాను. గోనెసంచి తడిపి తల మీద వేశాను. ఆవిడ గ్లాసుతో నీళ్ళు తెచ్చి నోట్లో పోయబోయింది.

"వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తెలివి వచ్చాకే."

"ఇవన్నీ నీకెలా తెలుసన్నా?"

ఒక డాక్టరు నాకు ఇవన్నీ చెప్పాడు. మా ఆవిడను దించి నేల మీద పడుకోబెట్టాక చెప్పాడు. చేతులు కాలాక ఆకుల గురించి నాకు పూర్తిగా తెలుసు.

"ముందు షట్టరు తాళం తీయించు. అంబులెన్సుకు ఫోన్ చెయ్యి," అన్నాను.

ఓనరు జేబులో తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. వెనక సందులోంచి ముందుకు వెళ్ళి తెరవాలి. తెరిస్తే వీధంతా చూస్తుంది. ఆవిడ తాళంచెవి లాక్కుని తనే పరుగెత్తింది. షట్టరు పైకి లేచాక లోపలికి వచ్చిన గాలి కూడా వేడిదే. అయినా గాలి.

అంబులెన్సుకు ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. ఊళ్లో ఆ మధ్యాహ్నం అందరికీ అదే అవసరం. అంతసేపూ వాడి తల నా మోచేతి మీదే ఉంది. ఒకసారి ఒళ్ళంతా కొట్టుకుంది. ఒకసారి ఊపిరి ఆగిందనుకున్నాను. "ఒరేయ్," అన్నాను. ఏడాది తర్వాత వాడితో నేనన్న మొదటి మాట అది. వాడికి వినపడలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. చకచకా అడిగింది.

"ఎప్పుడు పడిపోయాడు?"

"ఒంటిగంట ఇరవైకి."

"అంతకుముందు మాట తడబడిందా? చెమట ఎప్పుడు ఆగింది? సరిగ్గా చెప్పండి, దాన్ని బట్టే కిడ్నీల సంగతి చూడాలి. ఎవరూ గమనించలేదా?"

ప్యాకింగ్ ఆవిడ, "మేం చూసేసరికి..." అని మొదలుపెట్టింది.

తెలియదనొచ్చు. అందరూ అదే అంటారు. ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆమె కాగితం మీద కలం పెట్టి ఉంది.

"ఒంటిగంటకు ఆగింది," అన్నాను. "పడిపోవడానికి ఇరవై నిమిషాల ముందు. నేను చూశాను."

డాక్టరమ్మ రాసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు కావలసింది నిమిషాలే.

ప్యాకింగ్ ఆవిడ నన్ను చూసింది. "నువ్వు నిచ్చెన మీద ఉన్నావు కదన్నా."

"పైనుంచి బాగా కనబడుతుంది."

 ఆవిడ లేచి వెళ్ళి అవతలి బెంచీ మీద కూర్చుంది. అంత నోరున్న మనిషి.

వాడు బతికాడు. మర్నాడు మధ్యాహ్నానికి తెలివి వచ్చింది. చేతులకు కట్లు. మాట ఇంకా నాలుక కింద పడి వస్తోంది.

"వాయి మాడిపోయిందా బావా?"

"మాడింది."

"ఓనరు?"

"వేరే మనిషిని పెట్టుకున్నాడు."

వాడు చేతుల కట్లు చూసుకున్నాడు. "నువ్వే తొట్టిలో పెట్టావట. అక్క చెప్పింది. ప్యాకింగ్ అక్క."

"ఇంకేం చెప్పింది?"

"నిన్నడగమంది."

అంటే నాకే వదిలేసింది. ఆవిడ చెప్పి ఉంటే నాకు సుఖంగా ఉండేది. చెప్పాను. చొక్కా ఆరడం చూశానని, చూసి కూడా బోల్టులు తిప్పుతూ పైనే ఉన్నానని చెప్పాను. కంత సాకు చెప్పలేదు.

 వాడు నెమ్మదిగా, మాట మాట కూడదీసుకుని అన్నాడు.

"నేను అక్కను చూసి నిద్రపోతోందనుకున్నాను బావా. నువ్వు నన్ను చూసి ఏమనుకున్నావు?"

"చస్తే చావనీ అనుకున్నాను."

"మరి ఎందుకు దిగావు?"

  అక్క తిన్నదా అని అడిగాడు కాబట్టి అని చెప్పొచ్చు. అంత మంచి కారణం చెప్పుకునే అర్హత నాకు లేదు.

"తెలియదు," అన్నాను.

వాడు కట్టు కట్టిన చేతిని కష్టం మీద ఎత్తి తలుపు వైపు చూపించాడు. "వెళ్ళు బావా. మళ్ళీ రాకు."

వెళ్ళాను. అందులో వాడి తప్పేమీ లేదు.